డబుల్ టచ్ విజిల్: మీ పిల్లలు లిఫ్టర్లయితే తెలియాల్సిన సంగతులు

స్కూల్ గేమ్స్ మండల పోటీలు అయిన వారంలో మన పీఈటీల దగ్గరికి ప్రతి ఏడాదీ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. “మా పాప బంతి బాగానే లేపింది కదా మాస్టారూ, మరెందుకు విజిల్ కొట్టీసినారు?” కబడ్డీలో రైడర్ దొరికిపోతే గట్టు మీద నిలబడ్డ అందరికీ తెలుస్తుంది. వాలీబాల్‌లోనూ బంతి లైను బయట పడితే తెలుస్తుంది, నెట్‌లో పడితే తెలుస్తుంది. ఈ ఒక్క విజిల్ మాత్రం చూసేవాళ్లకు అర్థం కాదు. బంతి పైకి లేచింది, స్మాషర్ ఎగరబోతోంది, ఇంతలో రిఫరీ ఆట ఆపి రెండు వేళ్లు విడదీసి పైకి చూపిస్తాడు. పాయింటు అవతలి జట్టుకు పోతుంది. లిఫ్ట్ చేసిన పిల్ల తన చేతుల కేసి చూసుకుంటూ నిలబడిపోతుంది.

దాన్నే డబుల్ టచ్ అంటారు. ఈమధ్య ఆ ప్రశ్నకు ఇంకొకటి తోడైంది. అమెరికాలో ఉన్న మేనకోడలో, అన్నగారి అమ్మాయో అక్కడి హైస్కూలు జట్టులో ఆడుతుంటుంది. వీడియో కాల్‌లో మాటల మధ్య “మాకిప్పుడు ఆ విజిల్ వెయ్యట్లేదు” అంటుంది. అది నిజమే. అక్కడ నిబంధన సడలించారు, ఇక్కడ సడలించలేదు. అక్కడ ఎందుకు తీసేశారో, ఇక్కడ ఎందుకు ఉందో తెలిస్తే ఆట చూసే పద్ధతే మారుతుంది. ఇంటికొచ్చి మూతి ముడుచుకున్న పిల్లతో మాట్లాడే పద్ధతీ మారుతుంది.

నిబంధన ఏం చెబుతుంది?

వాలీబాల్‌లో ఒక జట్టు బంతిని మూడుసార్లకు మించకుండా తాకి అవతలికి పంపాలి. మామూలుగా మొదటిది సర్వీసునో స్మాష్‌నో అందుకోవడం, రెండోది లిఫ్ట్, మూడోది స్మాష్. బ్లాక్‌కు తగిలింది ఈ లెక్కలోకి రాదు. బంతిని ఆడడంలో నాలుగు తప్పులున్నాయి. నాలుగోసారి తాకడం ఒకటి. ఆసరా తీసుకుని, అంటే తోటి ఆటగాడినో స్తంభాన్నో పట్టుకుని ఎగిరి ఆడడం రెండోది. బంతిని పట్టి వదలడం మూడోది. ఒకే ఆటగాడు వరుసగా రెండుసార్లు తాకడం నాలుగోది. మొదటి రెండింటి గురించి గొడవలు ఉండవు. గొడవంతా చివరి రెండింటితోనే.

లిఫ్టర్ రెండు చేతులతో బంతిని తోస్తుంది కదా, అది ఒక టచ్ ఎలా అయింది? రెండు చేతులూ ఒకేసారి తగిలితే ఒకటి. ఒక చెయ్యి ముందు, ఇంకో చెయ్యి వెనక తగిలితే రెండు. రెంటి మధ్య తేడా సెకనులో చిన్న ముక్క. అది ఎంత ఉంటే తప్పు అనే కొలత నిబంధనల పుస్తకంలో లేదు. కంటికి తెలిసినంత మేరకు, అంతే.

ఇక్కడ పిల్లలను బాగా తికమక పెట్టే సంగతి ఒకటుంది. అవతలి వాళ్ల సర్వీసు ఒక అమ్మాయి ముంజేతికి తగిలి, అక్కడి నుంచి భుజానికి తగిలి పైకి లేచింది. రిఫరీ ఏమీ అనలేదు. తర్వాతి బంతికి లిఫ్టర్ చేతులు ఒక్క పిసరు అటూఇటూ అయ్యాయి. విజిల్! “ఆ అమ్మాయికి లేనిది నాకెందుకు?” అని లిఫ్టర్ అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. జవాబేమిటంటే, జట్టు మొదటి టచ్‌కు ఈ నిబంధన ఎప్పుడో సడలిపోయింది. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య 1994లో ఏథెన్స్‌లో సమావేశమై, 1995 జనవరి 1 నుంచి అమలయ్యేలా కొన్ని మార్పులు చేసింది. బంతిని కాలితో సహా ఒంట్లో ఏ భాగంతోనైనా ఆడవచ్చన్నది అప్పటిదే. సర్వీసును వెనక గీత తొమ్మిది మీటర్ల పొడవునా ఎక్కడి నుంచైనా చేయవచ్చన్నదీ అప్పటిదే. అవతలి కోర్టు నుంచి వచ్చిన బంతిని మొదట అందుకునేటప్పుడు, ఒకే ప్రయత్నంలో బంతి రెండు చోట్ల తగిలినా తప్పు కాదన్నదీ ఆ మూటలోదే. మన పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది అప్పటికి తామే బడిలో ఉండి ఉంటారు. అంతకుముందు గేమ్స్ పీరియడ్‌లో వాలీబాల్ ఆడి ఉంటే, మీకు నేర్పిన నిబంధన వేరు.

మొదటి టచ్‌కు ఎందుకు వదిలేశారో ఊహించడం కష్టం కాదు. అవతలి నుంచి బంతి తుపాకీ గుండులా వస్తుంది. దాన్ని నేల తాకకుండా ఆపడమే గొప్ప. అందుకునే వాళ్ల చేతులు ఎలా తగిలాయో లెక్కపెడుతూ కూర్చుంటే ఆట సాగదు. రెండో బంతి అలా కాదు, మన వాళ్లే పైకి లేపి ఇస్తారు. లిఫ్టర్‌కు కిందికి చేరుకునే సమయం ఉంటుంది. కాబట్టి ఆమె శుభ్రంగా ఆడాలని నిబంధన ఆశిస్తుంది. రెండో బంతి ఎప్పుడూ అంత మర్యాదగా రాదన్నది లిఫ్టర్లు చెప్పే మాట. సర్వీసు సరిగా అందుకోలేకపోతే ఆ బంతి కోసం పరుగెత్తాల్సింది వాళ్లే.

పాయింట్ల పద్ధతి మారాక ఈ తప్పు బరువు కూడా పెరిగింది. 1998లో ర్యాలీ పాయింట్ పద్ధతిని ఆమోదించేదాకా మామూలు సెట్‌లో సర్వీసు చేస్తున్న జట్టుకే పాయింటు వచ్చేది. మన సర్వీసప్పుడు మన లిఫ్టర్ డబుల్ చేస్తే సర్వీసు పోయేది గానీ పాయింటు పోయేది కాదు. ఇప్పుడు 25 పాయింట్ల సెట్‌లో ప్రతి విజిల్‌కూ ఒక పాయింటు. 23-23 దగ్గర ఆ రెండు వేళ్లు లేస్తే పిల్ల ముఖం ఎందుకు అలా అయిపోతుందో ఈ లెక్కలో ఉంది.

రిఫరీ చూసేదేమిటి?

మొదటి రిఫరీ నెట్ చివర ఎత్తైన స్టాండ్ మీద నిలబడతాడు. ఆయన చూపు నెట్ కంటే దాదాపు 50 సెంటీమీటర్లు పైన ఉండాలి. అక్కడి నుంచి లిఫ్టర్ చేతులు పక్క నుంచి కనిపిస్తాయి. ఒక్కోసారి ఒక చెయ్యి ఇంకో చేతికి అడ్డం వస్తుంది. గట్టు మీద ఉన్న మనకు ఆ మాత్రం కూడా కనిపించదు. మనం వీపు చూస్తాం, లేకపోతే బంతి చూస్తాం.

బంతి చూసేవాళ్లు పట్టుకునే ఆధారం తిరుగుడు. లిఫ్ట్ అయిన బంతి గిర్రున తిరుగుతూ పోతే “డబుల్! డబుల్!” అని కేకలు పడతాయి. చాలా సందర్భాల్లో అది నిజమే, ఎందుకంటే ఒక చెయ్యి ముందు తగిలితే బంతి పక్కకు తిరుగుతుంది. కానీ తిరుగుడు ఒక ఆనవాలే, అదే తప్పు కాదు. రెండు చేతులూ ఒకేసారి తగిలి, ఒకటి ఎక్కువ బలంగా తోసినా బంతి తిరుగుతుంది. ముందు టచ్‌లోనే బాగా తిరుగుతూ వచ్చిన బంతిలో ఆ తిరుగుడు కొంత మిగిలిపోవచ్చు. ఇటు నుంచి చూస్తే, రెండుసార్లు తగిలిన బంతి ఒకదాని తిరుగుడును ఇంకోటి కొట్టేసి తిన్నగా కూడా పోవచ్చు. చప్పుడు సంగతీ అంతే. వేళ్లు పొడిగా ఉన్న రోజు ఒక చప్పుడు, చెమట పట్టిన రోజు ఇంకో చప్పుడు.

అందుకే రిఫరీలకు ఇచ్చే సూచనల్లో బంతి తగిలిన ఆ క్షణం మీదే దృష్టి పెట్టమని ఉంటుంది. లిఫ్టర్ అంతకుముందు ఎలా నిలబడింది, తర్వాత ఎలా పడిపోయింది అన్నవి తీర్పును ప్రభావితం చేయకూడదు. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది. ర్యాలీలు సాగాలి కాబట్టి కొట్టొచ్చినట్టు కనిపించే తప్పులకే విజిల్ వెయ్యాలి. లిఫ్టర్ దూరం నుంచి పరుగెత్తి వచ్చి, కుదరని చోట నుంచి బంతి ఆడాల్సి వస్తే కొంచెం ఉదారంగా చూడాలి. అంటే అంతర్జాతీయ సమాఖ్య నిబంధన మార్చకుండానే, దాన్ని వాడే తీరులో సడలింపు చాలాకాలంగా ఇస్తూనే ఉంది.

చిక్కంతా అక్కడే వస్తుంది. కొట్టొచ్చినట్టు అంటే ఎంత? ఒక రిఫరీకి కొట్టొచ్చినట్టు కనిపించింది ఇంకొకరికి మామూలుగా ఉంటుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లు చూసి కళ్లు అలవాటైన రిఫరీ వదిలేస్తాడు. పాత పద్ధతిలో నేర్చుకున్న ఆయన వదలడు. ఉదయం మ్యాచ్‌లో పడని విజిల్ మధ్యాహ్నం మ్యాచ్‌లో పడుతుంది. దీన్ని పక్షపాతం అనుకోవడం తేలిక. మా అభిప్రాయంలో చాలాసార్లు అది పక్షపాతం కాదు. కంటికి అందని దాన్ని కంటితో కొలవమంటే వచ్చే తేడా. లిఫ్టర్లకు మేం చెప్పేది ఒక్కటే: మొదటి ఐదారు పాయింట్లలో ఇవాళ ఈ రిఫరీ ఎంతవరకు వదులుతున్నాడో చూసుకోవాలి. అవతలి లిఫ్టర్‌కు పడిన విజిల్ కూడా మనకు సమాచారమే.

అమెరికాలో ఏం మార్చారు?

అక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 2024 ఫిబ్రవరిలో మహిళల వాలీబాల్‌కు కొత్త నిబంధన ఆమోదించింది. జట్టు రెండో టచ్‌లో, ఒకే ప్రయత్నంలో బంతి రెండుసార్లు తగిలినా తప్పు కాదు. షరతు ఏమిటంటే ఆ బంతిని తర్వాత తాకేది అదే జట్టు అమ్మాయి అయి ఉండాలి. అలా రెండుసార్లు తగిలిన బంతి నేరుగా నెట్ దాటి అవతలికి పోతే మాత్రం తప్పే. హైస్కూళ్ల నిబంధనలు చూసే సంస్థ కూడా 2025-26 నుంచి దాదాపు ఇదే మాట తీసుకొచ్చింది. మీ మేనకోడలు చెప్పింది దీని గురించే.

ఆ షరతులో మంచి ఆలోచన ఉంది. లిఫ్టర్ ఒక్కోసారి లిఫ్ట్ చేస్తున్నట్టు నటించి బంతిని రెండో టచ్‌కే అవతలి కోర్టులో ఖాళీ చోట పడేస్తుంది. మనవాళ్లు ప్లేసింగ్ అంటారు. అలా నేరుగా పాయింటు తెచ్చే బంతికి శుభ్రమైన టచ్ ఉండాల్సిందే. జట్టులోని అమ్మాయికి అందించే బంతికి మాత్రం అంత పట్టింపు అక్కర్లేదన్నారు. పట్టి వదలడం మాత్రం ఎప్పటిలాగే తప్పు.

ఎందుకు మార్చారంటే, ఆట ఆగకుండా సాగాలన్నది ఒక కారణం. రెండో కారణమే అసలైనదని మాకనిపిస్తుంది. డబుల్ వల్ల ఆ జట్టుకు ఒరిగేదేమీ లేదు. బంతిని ఒక్క క్షణం పట్టి ఉంచితే లిఫ్టర్‌కు లాభం ఉంది. అవతలి బ్లాకర్లు ఎటు కదులుతున్నారో చూసి, వాళ్లు లేని వైపు పంపవచ్చు. దాన్ని తప్పుగా ఉంచడంలో న్యాయం ఉంది. డబుల్ అయిన బంతి అలా కాదు. అది తిరుగుతూ, అనుకున్న చోటికి అటూఇటూగా పోతుంది. దాన్ని కొట్టడం సొంత స్మాషర్‌కే కష్టం. తప్పుకు శిక్ష బంతిలోనే ఉంటే మళ్లీ పాయింటు కూడా ఎందుకు తీసుకోవాలి?

దీన్ని ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటనూ కొట్టిపారేయలేం. విజిల్ భయం ఉన్నప్పుడు కుదరని బంతికి లిఫ్టర్ వేళ్లు పెట్టదు, ముంజేతులతో లేపేస్తుంది. దానిలో కచ్చితత్వం తక్కువ. భయం తీసేస్తే మూలమూలల నుంచి వేళ్లతోనే ఆడుతుంది, పది బంతుల్లో ఏడు బాగానే వస్తాయి. అంటే లాభం లేదన్నది పూర్తి నిజం కాదు, ధైర్యం రూపంలో కొంత లాభం ఉంది. ఏళ్ల తరబడి చేతులు సాధన చేసిన లిఫ్టర్‌కూ, నిన్న మొన్న మొదలుపెట్టిన అమ్మాయికీ మధ్య దూరం తగ్గిపోతుందన్నది ఇంకో అభ్యంతరం. లిఫ్టింగ్ ఒక కళ అనుకునేవాళ్లకు ఇది బాధ కలిగిస్తుంది. ఇసుకలో ఆడే బీచ్ వాలీబాల్ చూడండి, అక్కడ ఇదే డబుల్‌ను ఇంకా కఠినంగా చూస్తారు. చాలామంది అక్కడ చేతులతో లిఫ్ట్ చెయ్యడమే మానేసి ముంజేతులతో లేపుతారు.

మనకు మాత్రం పాత నిబంధనే వర్తిస్తుంది. అంతర్జాతీయ సమాఖ్య 2025-2028 నిబంధనల్లో రెండో టచ్‌కు డబుల్ తప్పుగానే ఉంది. మన స్కూల్ గేమ్స్ అండర్-14, అండర్-17, అండర్-19 పోటీలు నడిచేది ఆ దారిలోనే. కాబట్టి అమెరికా వీడియో చూపించి రిఫరీతో వాదించమని పిల్లలకు చెప్పకండి. డబుల్ అయిందా లేదా అన్న తీర్పు మీద వాదించే హక్కు ఎవరికీ లేదు. నిబంధనను ఎలా అన్వయించారని వివరణ అడగవచ్చు, అదీ కోర్టులో ఉన్న కెప్టెన్ ఒక్కరే.

ఊరి కోర్టు అలవాట్లు

చోడవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది వాలీబాల్ బడిలో కాదు, సాయంత్రాలు ఊళ్లో అన్నయ్యల ఆట చూసి నేర్చుకుంటారు. సంక్రాంతికి ఊరూరా పోటీలు పెడతారు. ఆ ఆటలో దమ్ముంటుంది, ఒళ్లు దాచుకోకుండా ఆడతారు. ఒక అలవాటు మాత్రం అక్కడి నుంచే వస్తుంది. బంతిని నుదుటి ముందు కాకుండా ఛాతీ దగ్గరకు దిగనిచ్చి, వేళ్లలో ఒక క్షణం ఆపి, విసిరినట్టు పైకి పంపడం. చేతిలో ఆగింది కాబట్టి బంతి తిరగదు, చూడడానికి ముచ్చటగా పోతుంది. ఊళ్లో “ఎంత సాఫుగా లేపాడో!” అని మెచ్చుకుంటారు. జిల్లా పోటీలో రిఫరీ అరచెయ్యి పైకి తిప్పి ముంజేతిని నెమ్మదిగా ఎత్తి చూపిస్తాడు. అది డబుల్ గుర్తు కాదు, పట్టి వదిలినందుకు.

లిఫ్టింగ్‌లోని అసలు ఇరుకు ఇదే. చేతుల్లో బంతి ఎక్కువసేపు ఉంటే రెండు చేతులూ సమంగా కుదురుకుంటాయి గనక డబుల్ పోతుంది, కానీ క్యాచ్ అవుతుంది. క్యాచ్ కాకూడదని చురుగ్గా తోస్తే, చేతులు సమంగా లేకపోయిన ప్రతిసారీ డబుల్ బయటపడుతుంది. డబుల్ విజిల్ ఎక్కువ పడిన పిల్లలు తెలియకుండానే పట్టి వదలడంలోకి జారతారు. ఆ విజిల్ కూడా పడితే వేళ్లు పెట్టడమే మానేస్తారు. అలా మానేసిన లిఫ్టర్లను మళ్లీ దారిలోకి తేవడానికి ఒక సీజన్ పడుతుంది.

అందుకే ఈ ఏడాది మన బ్రాంచ్ హౌస్ మ్యాచ్‌ల్లో ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాం. ఆరు, ఏడు తరగతులకు రెండో టచ్‌లో డబుల్ విజిల్ ఉండదు, బంతి మన జట్టువాళ్లకే పోయినంత వరకు. క్యాచ్ విజిల్ మాత్రం మొదటి రోజు నుంచే ఉంటుంది. ఎనిమిదో తరగతి నుంచి డబుల్ కూడా వేస్తాం. ఆ చిన్న చేతులకు పూర్తి సైజు బంతి, అంటే 65 నుంచి 67 సెంటీమీటర్ల చుట్టుకొలత, 260 నుంచి 280 గ్రాముల బరువు, మొదట్లో లొంగదు. తప్పు చేస్తూనే వేళ్లు పెట్టనివ్వాలి. క్యాచ్ అలవాటు ఒకసారి పడితే వదలదు, డబుల్ మాత్రం సాధనతో దానంతట అదే తగ్గుతుంది. ఈ తేడా చూసే ఒకటి ఉంచి ఒకటి తీశాం. దీనివల్ల అండర్-14కు వెళ్లే ఏడో తరగతి పిల్లలకు అక్కడ విజిల్ కొత్తగా అనిపించే మాట నిజమే. సెలక్షన్‌కు నెల ముందు నుంచి వాళ్లకు ప్రాక్టీసులో డబుల్ వేస్తాం.

డబుల్ తగ్గేది చేతుల వల్ల కాదు, కాళ్ల వల్ల

పిల్లలు విజిల్ పడగానే చేతులు చూసుకుంటారు. చాలాసార్లు తప్పు కాళ్లది. బంతి కిందికి సమయానికి చేరకపోతే ఒక చెయ్యి ముందుకు చాచాల్సి వస్తుంది, ఆ చెయ్యే ముందు తగులుతుంది. మేం చేయించే మొదటి పరీక్ష చాలా తేలిక: పైకి వేసిన బంతి కిందికి పరుగెత్తి, చేతులు పెట్టకుండా నుదుటి మీద పడనివ్వమంటాం. నుదుటి మీద పడితే కాళ్లు సరైన చోట ఉన్నట్టు. ముక్కు మీద పడితే ఇంకొంచెం ముందుకు వెళ్లాలి.

తర్వాతే చేతులు. నుదుటి ముందు బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి ఒక త్రిభుజం లాంటి కిటికీ. ఆ కిటికీలోంచి బంతిని చూడాలి. బరువంతా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మెత్తని భాగాల మీద పడుతుంది, మిగతా రెండు వేళ్లు బంతి పక్కకు పోకుండా కాస్తాయి. అరచెయ్యి బంతిని తాకదు. మోకాళ్లు, మోచేతులు ఒకేసారి చాచుకోవాలి. తోపు ఒంటిలోంచి రావాలి, మణికట్టు విదిలింపులోంచి కాదు.

ఇంట్లో చేయించాలంటే పెద్ద స్థలం అక్కర్లేదు. డాబా మీద పిట్టగోడ పక్కన కాకుండా, మెట్ల గది గోడ దగ్గర ఒక మీటరు దూరంలో నిలబడి గోడకు వేళ్లతో లిఫ్ట్ చెయ్యమనండి. వంద అని లెక్క పెట్టకండి, పది నిమిషాలు చాలు. కూర్చుని పైకి లేపడం ఇంకో మంచి సాధన, కాళ్ల సాయం పోతుంది కాబట్టి చేతుల సమానత్వం తెలిసిపోతుంది. బంతి మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసిస్తే పక్కకు తిరుగుతోందో లేదో పిల్లలకే కనిపిస్తుంది. ప్రాక్టీసులో మాత్రం ఆ ఆనవాలు బాగా పనికొస్తుంది.

టీవీలో మ్యాచ్ వస్తే రెండు ర్యాలీలు స్మాషర్‌ను వదిలేసి లిఫ్టర్‌ను మాత్రమే చూడండి. దాదాపు ప్రతి ర్యాలీలో బంతి ఆ చేతుల్లోంచే పోతుంది, చప్పట్లు మాత్రం కొట్టినవాళ్లకు. మన పీవీ సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లేనని అందరికీ తెలుసు. తండ్రి రమణ ఆడిన భారత జట్టు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. ఆ జట్టు పేరెత్తితే జిమ్మీ జార్జ్ కొట్టిన స్మాష్‌లే చెబుతారు. ఆ బంతులు లేపిన చేతుల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇంట్లో లిఫ్టర్ ఉంటే “ఎన్ని పాయింట్లు కొట్టావు?” అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు. “ఇవాళ ఎవరికి ఎక్కువ ఇచ్చావు, ఎందుకు?” అని అడిగి చూడండి, అన్నం తినేంతసేపూ చెబుతారు.

వేళ్ల సంగతి

లిఫ్టర్ గోళ్లు వేళ్ల చివర దాటకూడదు. ఆట రోజు ఉంగరం, మొలకెత్తినట్టు చేతి నిండా ఉండే దారాలు తీసేసి పంపండి. మొక్కు దారం తియ్యకూడదనుకుంటే మీద టేపు చుట్టి పంపండి.

వేలు బెణకడం ఈ ఆటలో మామూలు, ముఖ్యంగా బొటనవేళ్లు బంతికి ఎదురుగా పొడుచుకుని ఉన్నప్పుడు. దెబ్బ తగలగానే మన దగ్గర అందరూ చేసే పని ఆ వేలు పట్టి గట్టిగా లాగడం. “లాగితే సర్దుకుంటుంది” అంటారు. దయచేసి లాగకండి, ఎవరినీ లాగనివ్వకండి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఎముక పెరిగే మెత్తని భాగం ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే పైకి బెణుకులాగే కనిపిస్తుంది, లాగితే అది ఇంకా చెడుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పది, పదిహేను నిమిషాలు పెట్టండి. ఐసును నేరుగా చర్మం మీద పెట్టవద్దు. చెయ్యి ఎత్తులో ఉంచమనండి. వేలు వంకరగా కనిపించినా, పూర్తిగా ముడవలేకపోయినా, చివరి కణుపు చాచలేకపోయినా, మర్నాటికీ వాపు తగ్గకపోయినా ఎముకల డాక్టర్‌కు చూపించి ఎక్స్‌రే తీయించండి. డాక్టర్ ఎన్ని రోజులు ఆడవద్దన్నారో చీటీ మీద రాయించి పీఈటీకి పంపండి. ఆ రోజులు పూర్తయ్యేదాకా పిల్ల ఎంత బతిమాలినా బంతి ఇవ్వం.